బొమ్మ విమానానికి మసి ఎందుకు?

మీర్‌పేట నుండి నాదర్‌గుల్ మీదుగా ఆదిభట్లకు పోయే దారిలో విమానం అనేది వింత వస్తువు కాదు. నాదర్‌గుల్‌లో శిక్షణ విమానాల మైదానం ఉన్నది. ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలో టాటా సంస్థ అమెరికా కంపెనీలతో కలిసి నెలకొల్పిన కర్మాగారాలున్నవి. వాటిలో సి-130జె రవాణా విమానాల తోకభాగాలు, 2018 నుండి అపాచీ యుద్ధ హెలికాప్టర్ల కాయాలు తయారవుతున్నవి. ఆ కాయాలు సముద్రాలు దాటి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం చేరి, అక్కడ పూర్తి హెలికాప్టర్లు అవుతున్నవి. మీర్‌పేటకు పొరుగుననే క్షిపణి పరిశోధన సంస్థలు కూడ ఉన్నవి. ఇట్టి పరిసరాలలోని బడిలో వైజ్ఞానిక ప్రదర్శన పెడితే, బల్ల మీద ఒక యుద్ధవిమాన నమూనా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఆశ్చర్యమల్లా ఆ నమూనాలు సాధారణంగా తళతళ మెరుస్తూ ఉండటమే. ఎండ ఎరుగని రంగు, పొగ ఎరుగని రెక్క, దుమ్ము ఎరుగని చక్రం. చూడవచ్చిన పెద్దలు ‘ఎంత శుభ్రంగా చేశాడు!’ అని మెచ్చుకుంటారు. ఏ కుర్రవాడైనా సాహసించి రెక్క కింద కాస్త మసి పూసి, చక్రాలకు ఎర్రమట్టి పట్టించి తెస్తే, ‘చక్కని బొమ్మను ఎందుకురా పాడుచేశావు?’ అనే ప్రశ్న తప్పదు. నిజానికి ఆ పనిలో చదువుతో అవసరం ఎక్కువగా ఉండే ఘట్టం ఆ పాడుచేయటమే. భాగాలు అతికించటానికి ఓర్పు చాలును. రంగు వేయటానికి చేతి నిదానం కావలె. మసి ఎక్కడ పూయవలెనో, ఎక్కడ పూయరాదో తెలియటానికి మాత్రం ఆ విమానాన్ని ఎవరు, ఏ దేశంలో, ఏ సంవత్సరంలో నడిపినారో తెలిసి ఉండవలె.

పని వరుస మన దేశపు పనివారికి కొత్తది కాదు. కొండపల్లి బొమ్మ చేసేవాడు తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, ముందు సున్నం పూసి, అది ఆరిన తరువాతనే రంగు ముట్టుకుంటాడు. ప్లాస్టిక్ నమూనాకైనా విధానం ఇదే. భాగాలను సబ్బునీటితో కడిగి, అచ్చులో అంటిన జిడ్డు పోగొట్టవలె. అతుకుల సందులు మక్కుతో పూడ్చి, గరుకు కాగితంతో నునుపు చేయవలె. సున్నానికి బదులు ప్రైమర్ అనే పలుచని పొర వేయవలె. దాని మీద అసలు రంగును ఒక్కసారిగా దట్టంగా గాక, రెండు మూడు పలుచని పూతలుగా వేయవలె. దట్టంగా వేస్తే రేకుల అతుకులను సూచించే సన్నని గీతలు పూడిపోతవి. గాలితో రంగు చిమ్మే యంత్రం ఉంటే మంచిదే. లేకున్నా మంచి కుంచె, నీటిలో కలిసే రంగులు చాలును. పిల్లలకు అవే క్షేమం. థిన్నరు వాసన మూసిన గదిలో పీల్చటం ఎవరికీ మంచిది కాదు.

తరువాత వచ్చేవి డెకాళ్లు. కాగితం మీద అచ్చువేసిన గుర్తును గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు నానవేసి, కాగితం మీది నుండి జార్చి విమానం మీదికి చేర్చే పని ఇది. చూడటానికి తేలిక, చేయటానికి కాదు. గరుకుగా ఉన్న రంగు మీద డెకాల్ అంటిస్తే దాని కింద సన్నని గాలి చిక్కుకొని, వెలుతురులో వెండిపొరవలె మెరుస్తుంది. అందుచేత ముందు మెరుపు వార్నిష్ పూసి తలాన్ని నునుపు చేసి, డెకాల్ అంటించి, మెత్తని గుడ్డతో నీటినీ గాలినీ నడుమ నుండి అంచులకు ఒత్తివేసి, పూర్తిగా ఆరిన తరువాత మెరుపు లేని వార్నిష్ పూస్తారు. అక్కడికి విమానం కొత్తది. కార్ఖానా నుండి ఆ ఉదయమే వెలువడినంత కొత్తది. దానిని పాతదాన్ని చేయటం ఆ తరువాతి పని.

రంగు, గుర్తు లేని విమానం ఎంత చెప్పగలదో ఒక ఉదాహరణ ఉన్నది. 1942లో అమెరికా నౌకాదళం ఆ దేశపు పాఠశాలల విద్యార్థులను ఐదు లక్షల విమాన నమూనాలు చేసిపెట్టవలసిందిగా కోరినది. అన్నీ అసలులో 72వ వంతు కొలతలో ఉండవలె. అన్నిటికీ నలుపు రంగే వేయవలె. 35 అడుగుల దూరం నుండి ఆ నమూనాను చూస్తే, అసలు విమానాన్ని సుమారు అరమైలు నుండి చూసినట్లుండేది. తుపాకి పట్టిన సైనికుడు క్షణంలో ఆకారాన్ని గుర్తుపట్టి, మిత్రుడో శత్రువో నిర్ణయించుకోవటానికి అవి పాఠ్యవస్తువులు. ఆ నల్లబొమ్మ చెప్పేది అంతే. దానిలో ఎవరు కూర్చున్నారు, ఎక్కడి నుండి వచ్చినారు, ఆ విమానానికి సొమ్ము ఎవరిచ్చినారు అన్న ప్రశ్నలు అక్కడ పుట్టవు. పుట్టకూడదు కూడ, పుడితే గురి తప్పుతుంది. బడిలో చేసే నమూనాకు గురి వేరు గదా! ఆ ప్రశ్నలు పుట్టించటానికే అక్కడ రంగులూ గుర్తులూ కావలె.

హైదరాబాద్ చుట్టుపక్కల పిల్లలకు ఇందుకు చక్కని విమానమే దొరుకుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వారికి ఒక విమానదళానికి సరిపోయే విమానాలు కానుకగా ఇచ్చినాడు. అందుచేత ఆ దళానికి 110వ (హైదరాబాద్) స్క్వాడ్రన్ అనే పేరు వచ్చినది. అవి డీ.హెచ్. 9ఏ అనే రెండు రెక్కల బాంబు విమానాలు. 1918 సెప్టెంబరులో ఆ దళం ఫ్రాన్సు చేరి, జర్మనీ పట్టణాల మీద పగటి దాడులు చేసినది. వాటిలో ఎఫ్ 1010 అనే సంఖ్య గలది 1918 అక్టోబర్ 5న శత్రుభూమి మీద దిగవలసివచ్చి, అందులోని ఇద్దరూ బందీలైనారు. ఆ విమానాన్ని జర్మనులు బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టుకున్నారు. రెండవ యుద్ధకాలంలో అది పోలెండు చేరినది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి బ్రిటిష్ వారు దానిని వెనుకకు తెచ్చుకున్నారు. నేడది లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్నది. దాని పక్కమీద ఆంగ్ల లిపిలో, అది హైదరాబాద్ నిజాం ప్రభువు కానుక అనీ, ‘హైదరాబాద్ 12ఏ’ అనీ రాసి ఉంటుంది.

72వ వంతు నమూనా మీద ఆ వాక్యం చీమల బారంత. అంత సన్నని అక్షరాలను చేత్తో రాయటం నిపుణునికే కష్టం, డెకాల్‌గానే అంటించవలె. నీటిలో నానిన ఆ అక్షరాల పట్టీని కుంచెకొనతో జరుపుతూ తిన్నగా నిలబెట్టేటప్పుడు, బుద్ధిగల విద్యార్థికి ఒక సందేహం రావలె. రాకపోతే ఉపాధ్యాయుడు రప్పించవలె. ఈ కానుక ఇచ్చినవారెవరు?

రాసినది చదివితే సమాధానం సులువే: నిజాం. కాని నాటి సంస్థానంలో ఖజానా దివానీదైనా, ప్రభువు సొంతమైన సర్ఫ్-ఎ-ఖాస్‌దైనా, దానికి మూలాధారం భూమిశిస్తే. నగరాన్ని చుట్టి ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నాడు సర్ఫ్-ఎ-ఖాస్ భూమియే. 1949లో గాని అది ప్రభుత్వపు భూములలో కలవలేదు. అనగా జొన్నచేలకూ చెరువుల కింది వరిమళ్లకూ రైతు కట్టిన పన్ను ఏదో ఒక దారిన ఆ కానుకలకు ఆధారమైనది. ఆ 1918వ సంవత్సరం ఎట్టిదో కూడ గుర్తుంచుకోవలె. వర్షాలు విఫలమైన ఏడు, ఇన్ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చిపెట్టిన ఏడు. 1911కూ 1921కీ నడుమ హైదరాబాద్ సంస్థానపు జనాభా పెరుగుటకు బదులు తగ్గిపోయినట్లు జనగణన లెక్కలు చూపుతున్నవి. ఆ సంగతి విమానం పక్కమీద ఎవరూ రాయలేదు. రాయటానికి అక్కడ చోటూ లేదు. ఆ ఉద్దేశమూ ఎవరికీ లేదు.

ఇందులో నిజామును నిందించటం కంటె ముఖ్యమైన విషయం ఒకటున్నది. విమానం మీది రాత అబద్ధం కాదు, అసంపూర్ణం. శాసనాలు చదివే చరిత్రకారుడు దాత పేరు దగ్గర ఆగిపోడు. దానమిచ్చిన గ్రామమేది, దాని ఆదాయమెంత, అది పండించినవారెవరు అని అడుగుతాడు. ఆలయగోడ మీది శాసనానికి వర్తించే ఈ పద్ధతి విమానం మీది రెండు వరుసల రాతకు వర్తించకపోవటానికి కారణం లేదు.

హైదరాబాద్ పేరు ఆ ఒక్క దళంతో ముగియలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో 152వ (హైదరాబాద్) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతోనూ, 253వ (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్ హరికేన్లతోనూ 1940లో ఇంగ్లండు ఆకాశంలో పోరాడినవి. 152వ దళపు ముద్రలో నిజాం తలపాగా ఉంటుంది. దాని నినాదానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు అని అర్థం. 1940 నాటి ఆ దళపు స్పిట్‌ఫైర్ చేయదలచినవాడు పక్కమీద యు.ఎం. అనే అక్షరాలు అంటించవలె. 253వ దళపు హరికేన్‌కైతే ఎస్.డబ్ల్యు.

ఇక్కడ తొందరపాటుకు శిక్ష తప్పదు. అదే 152వ దళం 1944, 45 సంవత్సరాలలో బర్మా రంగంలో ఉన్నది. అప్పటి స్పిట్‌ఫైర్ల పక్కన దూకుతున్న నల్లని చిరుతపులి బొమ్మ వేసి ఉండేది. అందమైన బొమ్మ, ఏ కుర్రవాడైనా దానినే ఎంచుకుంటాడు. కాని పెట్టెలో మిగిలిన ఇంగ్లండు నాటి వలయచిహ్నాన్ని, నడుమ ఎర్రచుక్క గలదానిని, ఈ విమానానికి అంటిస్తే అది పెద్ద తప్పు. జపాన్ విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. దూరం నుండి చూసిన స్వపక్షంవారు ఎర్రచుక్కను చూసి తమవారినే కాల్చకుండా, తూర్పు రంగంలో బ్రిటిష్, భారతీయ విమానాల గుర్తులలో ఎరుపు తీసివేసి, ముదురు నీలమూ లేత నీలమూ మాత్రమే ఉంచినారు. ఎర్రచుక్క అంటించిన బాలుడు చిన్న రంగు పొరపాటు చేసినట్లు కనిపిస్తాడు. ఆనాటి పైలట్‌కు అది ప్రాణం మీదికి వచ్చే పొరపాటు. చరిత్ర పుస్తకంలో పేజీల కొలది చెప్పినా పట్టని సంగతి, డెకాల్ ఒకటి ఊడదీసి మరొకటి అంటించేసరికి జన్మలో మరిచిపోడు.

ఇక మసి సంగతి. ఇందులో రెండు రకాల దోషాలున్నవి. ఏమీ పూయకపోవటం ఒకటి. పూయటం నేర్చుకున్న తరువాత చేతికి అదుపు లేకపోవటం రెండవది. ఇదే ఎక్కువ ప్రమాదం. వెండిరంగులో స్పాంజి ముంచి విమానమంతటా అద్ది, రంగు ఊడి లోహం బయటపడినట్లు చూపటం కొందరికి సరదా. డీ.హెచ్. 9ఏ కర్ర చట్రానికి గుడ్డ తొడిగి చేసిన విమానం. దాని రెక్క గీరుకుంటే వెండి ఎక్కడ నుండి వస్తుంది? హరికేన్‌కు ముందుభాగం రేకు, కాయం వెనుకభాగం గుడ్డ. అక్కడ వెండి మచ్చలు వేసినవాడు తనకు ఆ విమానం తెలియదని తానే చాటుకున్నట్లు. స్పిట్‌ఫైర్ లోహవిమానం కాబట్టి దానికి చెల్లుతుంది. అదైనా అంతటా కాదు. పైలట్ ఎక్కే చిన్న తలుపు ఎడమవైపున ఉంటుంది. కనుక ఎడమ రెక్క మొదలు బూట్ల రాపిడికి ఎక్కువ అరుగుతుంది.

తుపాకుల దగ్గర మరొక చిక్కు. రెక్కలోని తుపాకి రంధ్రాల మీద, తేమ చొరబడి లోపల గడ్డకట్టకుండా, చిన్న గుడ్డముక్కలు అంటించేవారు. తుపాకి పేలితే ఆ గుడ్డ చిరిగిపోతుంది. పేలిన మసి రెక్క కిందికి చారలుగా పాకుతుంది. గుడ్డముక్కలు చెక్కుచెదరకుండా ఉంచి, కింద మసి చారలు దట్టంగా వేసిన నమూనాలు ఎన్నో కనిపిస్తవి. ఆ విమానం కాల్పులు జరిపినదా, జరపలేదా? చేసినవాడు నిర్ణయించుకోలేదన్న మాట. తిరిగివచ్చిన తరువాత కొత్త గుడ్డ అంటించినారని సమర్థించుకోవచ్చును. ఆ సమాధానం చెప్పగలిగితే నమూనా నిలుస్తుంది. పొగగొట్టాల నుండి వెనుకకు పాకే మసికీ, చక్రాల మట్టికీ ఇదే లెక్క. బర్మా మట్టి రంగు వేరు, ఇంగ్లండు గడ్డిమైదానపు బురద రంగు వేరు.

కొలత విషయంలో కూడ కొంచెం గణితం కావలె. 72వ వంతు నమూనా మీద ఒక మిల్లీమీటరు వెడల్పు గీత, అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్లకు పైన అవుతుంది. మచ్చిక కోసమని లావుపాటి కుంచెతో వేసిన గాయాలు అసలు కొలతకు పెంచి చూస్తే గొడ్డలి దెబ్బలవలె ఉంటవి. ఆ విమానం ఎగరదు. ఎనిమిదో తరగతి నిష్పత్తుల లెక్కలకు ఇంతకంటె మంచి అభ్యాసం వెతకనక్కరలేదు.

అన్ని విమానాలూ మురికిగానే ఉండేవి అనుకోవటం కూడ తప్పే. నేలమీది సిబ్బంది వాటిని కడిగేవారు, తుడిచేవారు. వేగం పెరగటానికి మైనం రుద్ది నునుపు చేసినవారూ ఉన్నారు. అట్టి విమానం మీద శుభ్రతయే సాక్ష్యం. ఎవరో తెల్లవార్లూ మేలుకొని తుడిచినారని అది చెబుతుంది. వారి పేర్లు ఏ డెకాల్‌లోనూ ఉండవు.

మన వైమానికదళ చరిత్రలో ఈ చేతిపని బాగా కనిపించే సందర్భం 1971. అంతవరకు లోహపు మెరుపుతో తిరిగిన మిగ్-21 విమానాలకు, యుద్ధం ముంచుకువస్తుండగా, దళాలవారే అందిన రంగులు తెచ్చి ఆకుపచ్చ, మట్టి రంగుల మచ్చలు వేసుకున్నారు. ఒక దళం వేసినట్లు మరొక దళం వేయలేదు. కుంచె జాడలు కూడ కొన్నిటి మీద తెలిసేవి. నమూనాకారుడికి ఇది విచిత్రమైన పరీక్ష. అతి చక్కగా వేస్తే తప్పు; తొందరలో వేసిన మనిషి చేతిని అనుకరించవలె. మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వైమానికదళ సేవ నుండి విరమించినవి. ఇకమీదట వాటిని చూడగోరేవారికి మిగిలేవి మ్యూజియాలూ, ఛాయాచిత్రాలూ, ఇట్టి నమూనాలూ మాత్రమే.

యుద్ధవిమానాన్ని బడిలోకి రానీయరాదు అనే ఉపాధ్యాయులున్నారు. వారి మాట తేలికగా తోసివేయదగినది కాదు. హంతక సాధనాన్ని ముద్దుగా, చేతిలో ఇమిడేటట్లు చేసి, దాని రెక్కల అందానికి మురిసిపోయే పిల్లవాడు, అది కిందికి వదిలిన దానిని తలచుకోడు. డీ.హెచ్. 9ఏ రెక్క కింద వేలాడే చిన్న బాంబులకు రంగు వేసేటప్పుడు, అవి పడిన పట్టణాలలో అదే ఈడు పిల్లలున్నారన్న ఊహ అతనికి కలగకపోవచ్చును. కాని దీనికి మందు నిషేధం కాదు. బడి మానేసినా అంగడి మానదు. అక్కడ దొరికేది తళతళలాడే బొమ్మే. మెరుస్తున్న బొమ్మ యుద్ధాన్ని పండుగగా చూపుతుంది. మసి పట్టి, అరిగి, ఎండకు వెలిసిన బొమ్మ ఆ పని చేయలేదు. తుపాకి పేలినదని అది ఒప్పుకుంటుంది. పేలితే ఎవరి మీద అన్న ప్రశ్న ఆ వెంటనే వస్తుంది.

నిజమైన ఎండా ఉప్పుగాలీ లోహాన్ని ఏం చేస్తవో చూడదలచిన విద్యార్థులు విశాఖపట్నం సముద్రతీరానికి పోవచ్చును. 1988 నుండి 2017 వరకు నౌకాదళంలో పనిచేసిన టి.యు.-142 విమానాన్ని అక్కడ మ్యూజియంగా నిలిపినారు. విహారయాత్రకు పోయిన పిల్లలు దాని ముందు ఫోటోలు దిగి వెళ్లిపోతుంటారు. నోటు పుస్తకం, పెన్సిలు తీసుకొనిపోయి, రంగు ఎక్కడెక్కడ వెలిసినదో, చమురు ఏ వైపు కారినదో, రివెట్ల వరుసలో దుమ్ము ఎట్లా నిలిచినదో ఒక అరగంట గీసుకుంటే, తిరిగివచ్చి చేసే నమూనా వేరుగా ఉంటుంది.

ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాల తయారీ శిక్షణలో భాగంగా ఉన్నది. అక్కడ ఎగరటానికి ప్రాధాన్యం, అది సబబే. బడి ప్రదర్శనలో నిలబెట్టే నమూనాకు మార్కులు వేసేటప్పుడు మాత్రం నునుపుకు ఇచ్చే మార్కులలో సగం తగ్గించి, ‘ఈ మరక ఎందుకున్నది?’ అన్న ప్రశ్నకు సమాధానానికి ఇవ్వటం మేలు. ప్రతి నమూనా పీఠం మీద విమానం పేరు, వేగం, బరువు రాయటం వాడుక. వాటితోపాటు ఏ దళానిది, ఏ సంవత్సరానిది, సొమ్ము ఎక్కడిది, ఎక్కడ తయారైనది అన్న నాలుగు వివరాలు కూడ రాయించవచ్చును. డీ.హెచ్. 9ఏ పీఠం మీద శిస్తు కట్టిన ఊళ్ల ప్రసక్తి వస్తుంది. మీర్‌పేట విద్యార్థి ఎవరైనా అపాచీ నమూనా చేస్తే, అరిజోనా పేరుతోపాటు, కాయం తయారయ్యే ఆదిభట్ల పేరు కూడ పీఠం మీద రాయవలసివస్తుంది. రెక్కల మీద దళాల ముద్రలూ, ఒక్కొక్కప్పుడు దాతల పేర్లూ కనిపిస్తవి గాని, రివెట్లు బిగించినవారి ఊరి పేరు డెకాళ్ల కాగితంలో అచ్చువేసి ఇచ్చే వాడుక లేదు. అది చేత్తోనే రాసుకోవలె.